తెచ్చుకున్న సంతోషం

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును రెండుగా చీల్చుకుంటూ పోతుంది. వర్షాలు పడిన యేడు రెండు పక్కలా నీళ్లే. పడని యేడు తెల్లగా పేరుకున్న ఉప్పు బురద. శీతకాలంలో ఫ్లెమింగో పక్షులు వేలకు వేలు దిగి, ఒంటికాలి మీద నిలబడి, ఎండలు ముదిరేసరికి లేచిపోతాయి. ఆ రోడ్డు చివరనే మన రాకెట్లు ఆకాశానికి లేస్తాయి. అక్కడికి పోయేవారంతా రాకెట్లను చూడడానికో, పక్షులను చూడడానికో పోతారు. నేను మాత్రం ఆ ప్రాంతంలో వేరొక సంగతి చూశాను. అదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఒక ఈస్టరు పండుగనాటి మాట. సూళ్లూరుపేటలో మా దూరపు బంధువుల యింట దిగి వున్నాను. తెల్లవారుజామున నాలుగున్నర అయివుంటుంది. మా వదిన వరస ఆవిడ తలుపు తట్టి, "పక్కింటి పంతులమ్మ గారు సమాధుల తోటకు బయలుదేరారు. చీకట్లో ఒక్కరే పోతున్నారు. కాస్త తోడు వెళ్లిరాకూడదూ?" అన్నది. లేచి వెళ్లాను.

పంతులమ్మ గారికి అరవై అయిదేళ్లుంటాయి. ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరయిన మనిషి. ఒక చేతిలో పూలబుట్ట, ఇంకొక చేతిలో కొవ్వొత్తుల పొట్లం. పది నెలల క్రితం ఆమె ఒక్కగానొక్క కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడని మా వదిన ముందే చెప్పింది. అందుకని దారిలో నేనేమీ మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో నాకు తెలియదు కూడా. ఆ యేడు నేనూ ఇంట్లో ఒక మనిషిని పోగొట్టుకున్నవాడినే. ఓదార్చడానికి వచ్చినవారి మాటలు ఎంత బరువుగా వుంటాయో నాకు బాగా తెలుసు.

తోట చేరేసరికి అక్కడ నలభై యాభై కుటుంబాలు వున్నాయి. సమాధులకు రెండు రోజుల ముందే సున్నం కొట్టినట్టున్నారు, చీకట్లో తెల్లగా మెరుస్తున్నాయి. ఒక్కొక్క సమాధి మీద బంతిపూలు, చామంతులు, వెలుగుతున్న కొవ్వొత్తులు. పిల్లలు సమాధుల మధ్య పరుగులు తీస్తున్నారు. ఎవరో పాట అందుకున్నారు, పదిమంది గొంతు కలిపారు. శ్మశానమంటే సూర్యాస్తమయం తరువాత అటు తిరిగి చూడకూడదని విని పెరిగిన నాకు ఇదంతా విడ్డూరంగా వున్నది.

పంతులమ్మ గారు కొడుకు సమాధి దగ్గర కూర్చుని పూలు పరిచారు. కొవ్వొత్తి వెలిగించారు. కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. తరువాత లేచి, పక్క సమాధుల దగ్గరున్నవారిని ఒక్కొక్కరినే పలకరించి, నవ్వుతూ పండుగ శుభాకాంక్షలు చెప్పారు. చివరకు నా దగ్గరకు కూడా వచ్చి "హ్యాపీ ఈస్టరు, నాయనా" అన్నారు.

తిరుగుదారిలో నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఏమీ అనుకోకండమ్మా. అక్కడ కూర్చుని మీకు నవ్వు ఎట్లా వచ్చింది?"

ఆమె నడక ఆపి నావైపు చూశారు. "వచ్చిందా? రాలేదు నాయనా. తెచ్చుకున్నా," అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకున్నది. రావడం వేరు, తెచ్చుకోవడం వేరు. ఏడుపు దానంతటదే వస్తుంది. సంతోషాన్ని మాత్రం ఎక్కడికో పోయి తెచ్చుకోవాలి. ఎక్కడికి పోయి తెచ్చుకుంటారు? అది నిజమైన సంతోషమేనా, లేక లోపలి పుండు మీద కప్పుకున్న గుడ్డా? ఈ ప్రశ్నలు వెంటబెట్టుకుని కొంత చదివాను, కొందరిని అడిగాను. తెలిసినది మీ ముందు పెడుతున్నాను.

ఏడవవద్దని ఎవరన్నారు?

క్రైస్తవులు చావుకు ఏడవకూడదని వారి మతం చెబుతుందని మనలో కొందరి భ్రమ. అది నిజం కాదు. బైబిలులో లాజరు అనే మిత్రుడు చనిపోయినపుడు ఏసుక్రీస్తు అతని సమాధి దగ్గరకు పోయి కన్నీళ్లు పెట్టుకున్నాడని యోహాను సువార్త చెబుతుంది. కాసేపటిలో అతనిని లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. ఆ కథ చదివిన క్రైస్తవుడెవడూ కన్నీటిని అవిశ్వాసమని అనలేడు. కీర్తనల గ్రంథంలో మూడోవంతుకు పైగా మొరలే, ఫిర్యాదులే. యోబు గ్రంథమైతే మొదటి నుంచీ దుఃఖంతో దేవునితో వాదులాటే.

అయితే దీనికి పక్కనే ఇంకొక సంగతి వున్నది. పౌలు ఫిలిప్పీ పట్టణంలోని సంఘానికి రాసిన ఉత్తరం చాలా చిన్నది, నాలుగే అధ్యాయాలు. అందులో సంతోషించడం, ఆనందం అనే మాటలు పదిసార్లకు పైగా వస్తాయి. ఆ ఉత్తరం ఆయన రాసింది విందులో కూర్చుని కాదు, సంకెళ్లలో వుండి. బ్రతికి బయటపడతాడో లేదో ఆయనకే తెలియదు. అంతకు ముందు అదే ఫిలిప్పీలో దెబ్బలు తిని, కాళ్లకు బొండ వేయించుకుని, అర్ధరాత్రి చెరసాలలో తోటివాడైన సీలతో కలిసి పాటలు పాడిన మనిషి ఆయన. కనుక ఆయన సంతోషించండి అన్నపుడు అది కడుపు నిండినవాడి ఉపదేశం కాదు. పైగా ఆయన దానిని ఆజ్ఞగా చెప్పాడు. ఆకలి వేయమని ఎవరినీ ఆజ్ఞాపించలేము. లేచి నాలుగడుగులు వేయమని మాత్రం చెప్పవచ్చు. పౌలు దృష్టిలో సంతోషం ఈ రెండో జాతిది.

దీనికి ఆధారం ఏమిటని అడిగితే క్రైస్తవులు చెప్పే జవాబు ఒకటే. మరణానికి ఆఖరి మాట లేదని వారి నమ్మకం. శుక్రవారంనాడు సమాధి చేసిన క్రీస్తు ఆదివారం తెల్లవారుజామున లేచాడనీ, ఆయనతోపాటు తమవారూ ఒకనాడు లేస్తారనీ వారు నమ్ముతారు. ఈస్టరునాడు చీకటితోనే సమాధుల తోటకు పోవడంలో అర్థం అదే. ఆ నమ్మకం మనకు లేకపోవచ్చు. వున్నవారికి అది ఏ విధంగా పనికివచ్చిందో తెలుసుకోవడంలో తప్పులేదు గదా.

అడవిలో తవ్విన గొయ్యి

పంతులమ్మ గారు ఆ ఉదయమే ఇంకొక మాట చెప్పారు. "మొదటి ఆరు నెలలూ నేను చర్చికి పోయి వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. పాట పాడితే నోరు పెగిలేది కాదు. ఎవరైనా వచ్చి సంతోషంగా వుండాలమ్మా అంటే, వాళ్ల మొహం చూడబుద్ధయ్యేది కాదు. ఏడవబాక అని చెప్పేవాళ్లకంటే, పక్కన కూర్చుని ఏడ్చినవాళ్లే మేలు చేశారు నాకు."

ఇది నిజమని చెప్పడానికి అడోనిరామ్ జడ్సన్ కథ చాలు. 1813లో అమెరికా నుంచి బర్మాకు వచ్చిన బాప్టిస్టు మిషనరీ ఆయన. ఆంగ్లేయులకూ బర్మావారికీ యుద్ధం రాగా 1824లో ఆయనను గూఢచారిగా అనుమానించి ఆవా నగరంలో చెరలో వేశారు. పదిహేడు నెలలపాటు బేడీలతో నరకం చూశాడు. ఆయనను బ్రతికించింది భార్య ఆన్. చంకలో పసిబిడ్డతో జైలు చుట్టూ తిరిగి, అధికారుల కాళ్లావేళ్లా పడి, అన్నం పంపించి ప్రాణం నిలబెట్టింది. ఆయన విడుదలయ్యాడు. కాని 1826 అక్టోబరులో, ఆయన వేరే ఊళ్లో వుండగా, ఆన్ జ్వరంతో చనిపోయింది. ఆరు నెలలకు ఆ పసిబిడ్డ కూడా తల్లిని చేరింది.

జడ్సన్ కుంగిపోయాడు. ఊరు వదిలి అడవి అంచున ఒక గుడిసె వేసుకున్నాడు. తనకోసం తనే ఒక గొయ్యి తవ్వి, దాని పక్కన కూర్చుని తన శరీరం మట్టిలో ఎట్లా కలిసిపోతుందో తలచుకునేవాడు. దేవుడున్నాడని నమ్ముతున్నాననీ, కాని ఆయన ఎక్కడా కనుపించడం లేదనీ ఆ రోజుల్లో రాసుకున్నాడు. ఒక మతబోధకుడు అట్లా రాయడం చిన్న సంగతి కాదు.

ఆ గోతి దగ్గర నుంచి ఆయన లేవడానికి చాలాకాలం పట్టింది. ఒకనాటి ఉదయం అద్భుతం జరిగి లేవలేదు. చేతిలో సగం మిగిలిన పని వున్నది, బర్మా భాషలోకి బైబిలు అనువాదం. రోజుకు కొంత చొప్పున ఆ పని చేసుకుంటూ పోయాడు. 1834లో అది పూర్తయింది. ఈనాటికీ బర్మా క్రైస్తవులు దానినే చదువుతారు. దుఃఖంలో వున్నవారికి సంతోషం తెచ్చుకోవడమంటే కొన్నిసార్లు ఇంతే: చేయవలసిన పని ముందు మళ్లీ కూర్చోవడం.

ఒంటరి నక్షత్రం

జడ్సన్‌ను ఆదుకోవడానికి అమెరికా బాప్టిస్టులు 1814లో ఒక సంఘం పెట్టుకున్నారు. మన తెలుగునాటికి శామ్యూల్ డే అనే ఆయనను పంపింది కూడా ఆ సంఘమే. డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. సంవత్సరాలు గడిచినా చేరినవారు వేళ్ల మీద లెక్కపెట్టవలసినంత మందే. 1853లో అమెరికాలో జరిగిన మహాసభలో నెల్లూరు మిషన్‌ను మూసివేద్దామా అని చర్చ వచ్చింది. పటంలో ఆ మిషన్ ఒంటరి నక్షత్రంలా కనుపిస్తున్నదని ఒకరన్న మాట పట్టుకుని, శామ్యూల్ స్మిత్ అనే కవి రాత్రికి రాత్రే ఆ పేరు మీద పద్యం రాశాడు. పద్యం విని సభ కరిగిపోయిందట. మూసివేత ఆగింది.

ఆ తరువాత 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున అయిదుగురు మనుషులు ఒంగోలులో ఒక కొండ ఎక్కారు. జ్యూవెట్ దొర, ఆయన భార్య, వారితో క్రిస్టియన్ నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూత్ అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. సూర్యుడు పైకి వచ్చేదాకా ఆ ప్రాంతం కోసం ప్రార్థన చేశారు. అప్పటికి చేతిలో చెప్పుకోదగ్గ ఫలితం ఏమీ లేదు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. పన్నెండేళ్ల తరువాత, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ అనే ఆయన ఒంగోలులో కాపురం పెట్టాడు. పల్లెలవారు క్లౌ దొర అని పిలిచేవారు. ఆ యేడే తాళ్లకొండపాడు గ్రామపు మాదిగవాడ నుంచి యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. తోలుపని చేసుకునే పేరయ్య పల్లెపల్లెకూ తిరిగి చెప్పిన మాటే అక్కడి క్రైస్తవ సంఘాలకు వేరు.

ధాత కరువు

ఇక అసలు పరీక్ష వచ్చింది. 1876లో వానలు మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరం కాబట్టి మన పెద్దలు దానిని ధాత కరువన్నారు. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి ప్రాంతాలు మాడిపోయాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో 50 లక్షలమందికి పైగా చనిపోయారని లెక్క. పశువులు ముందు పోయాయి, తరువాత ముసలివారు, పసిపిల్లలు. ఆకలి మిగిల్చినవారిని కలరా, మశూచి పట్టుకుపోయాయి. కరువు పనులలో రోజంతా మట్టి మోసిన మగవాడికి ఒక దశలో సర్కారు కట్టిన కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే మన లెక్కలో 450 గ్రాములు.

మద్రాసు గవర్నరుగా వున్న బకింగ్‌హామ్ ప్రభువు కాలంలో, కరువు పని కిందనే సముద్రతీరం వెంట కాలువ తవ్వకం జోరందుకున్నది. అదే మన బకింగ్‌హామ్ కాలువ. పెదగంజాం నుంచి మద్రాసు దాటి, సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు మన రాష్ట్రంలోదే. పులికాట్ సరస్సు గుండా, శ్రీహరికోట దీవి ప్రక్కనుంచి పోతుంది. ఒకప్పుడు శ్రీహరికోట అడవుల కట్టెలు పడవలకెక్కి ఈ కాలువ మీదుగానే మద్రాసు పొయ్యిల్లోకి చేరేవి. ఇప్పుడు పూడిపోయి, నాచుపట్టి, రోడ్డు మీద పోయేవారికి అదొక మురుగు గుంటలా కనుపిస్తుంది. కాని ఆ మట్టి తవ్విన చేతుల కథ మరచిపోదగింది కాదు.

క్లౌ దొర మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వే పని చేసినవాడు. తనవారు ఆకలితో చస్తుంటే చూడలేక, ఆ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర కూలీలకు గుడిసెలు వేయించాడు. పేరయ్యతో సహా ముప్పైమంది తెలుగు బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. ఇతర చోట్ల మేస్త్రీలు కూలీలను తిట్టి, కొట్టి, కూలి కొంత మింగేవారు. ఇక్కడ అట్లా జరగడం లేదని తెలిసి చుట్టుపక్కల పల్లెలనుంచి అన్ని కులాల బీదలూ వచ్చి చేరారు.

ఆ గుడిసెల్లో చావు లేని రోజు లేదు. భర్తను పూడ్చి వచ్చిన స్త్రీ మరునాడు మట్టితట్ట ఎత్తుకోవలసిందే. పొద్దుగూకిన తరువాత, పని ఆగినపుడు, బోధకులు కూలీల మధ్య కూర్చునేవారు. భారం మోసి అలసిపోయినవారిని తన దగ్గరకు రమ్మనీ, విశ్రాంతి ఇస్తాననీ క్రీస్తు పిలిచిన మాట ఒకటున్నది. ఆ ఒక్క మాటనే మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారట. తలమీద తట్ట మోసేవాడికి ఆ మాటకు వ్యాఖ్యానం ఏమి కావాలి?

గుండ్లకమ్మ ఒడ్డున

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం వస్తుంది. కూటి కోసం మతం పుచ్చుకున్నారని అనవచ్చు గదా అని. ఆ మాట అప్పుడే అన్నారు. క్లౌ దొరకు కూడా అదే భయం. అందుకే కరువు సాగినంతకాలం, పదిహేను నెలలపాటు, ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారందరినీ తిప్పి పంపాడు.

1878 నాటికి వానలు పడ్డాయి. కరువు సహాయం ముగింపుకు వచ్చింది. ఒంగోలులో మశూచి వున్నందున, ఊరికి ఉత్తరంగా గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర సమావేశం పెట్టాడు. వేలమంది వచ్చారు. ఇక మీకు ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదు, తిరిగి పొండన్నాడు. మాకు డబ్బు వద్దు, పని చేసి బ్రతికామనడానికి మా అరచేతుల కాయలే సాక్ష్యం, ఇంకొక పంట పోతే చచ్చిపోతాం, చచ్చేదైనా క్రైస్తవులుగా చస్తామని వారు జవాబిచ్చినట్టు ఆయన తన ఆత్మకథలో రాశాడు.

జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది ఆ నదిలో దిగి బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు.

దీనికి కారణాలు చరిత్రకారులు చాలా చెబుతారు. ఊరి బయట బ్రతుకుతున్న ప్రజలకు మొదటిసారి మనుషులుగా మర్యాద దొరికింది. చదువుకునే అవకాశం కనుపించింది. వీటిని కాదనలేము. కాని ఒక్క సంగతి చూడండి. ఆ నదిలో దిగినవారిలో రెండేళ్లలో ఇంట్లో ఒకరినైనా పూడ్చిపెట్టనివారు అరుదుగా వుండి వుంటారు. వారి దుఃఖం తీరలేదు, పోయినవారు తిరిగి రాలేదు, రేపటి పంట సంగతి తెలియదు. అటువంటి స్థితిలో పండుగకు వచ్చినట్టు వచ్చి, మూడు రోజులు ఏటి ఒడ్డున నిలబడ్డారు. దానిని ఏమనాలి? పంతులమ్మ గారి మాటే దానికి సరిపోతుందని నాకు తోచింది. వారి దగ్గర సంతోషం లేదు. తెచ్చుకున్నారు.

శ్రీహరికోట మీద ఒక పేరు

కాలువ దీవికి పడమట వున్నది. తూర్పున, సముద్రపు ఒడ్డున, రాకెట్ కేంద్రం వున్నది. 1971 అక్టోబరు 9న ఇక్కడ నుంచి మొదటి చిన్న రాకెట్ లేచింది. 2002 సెప్టెంబరు 12న పి.ఎస్.ఎల్.వి. రాకెట్ మీద ఒక వాతావరణ ఉపగ్రహం ఎగిరింది. దానికి అప్పుడు పెట్టిన పేరు మెట్‌శాట్. అయిదు నెలలు తిరగకుండా, 2003 ఫిబ్రవరి 1న, అమెరికా వ్యోమనౌక కొలంబియా నేలకు దిగడానికి పదహారు నిమిషాల ముందు ఆకాశంలోనే ముక్కలైపోయింది. అందులోని ఏడుగురూ చనిపోయారు. వారిలో ఒకరు మన కల్పనా చావ్లా. నాలుగు రోజులకు, శ్రీహరికోట నుంచి లేచిన ఆ ఉపగ్రహానికి కల్పన-1 అని పేరు మార్చారు. దుఃఖాన్ని ఒక పేరుగా ఆకాశంలో నిలబెట్టుకున్నామన్నమాట.

ఆ నౌకకు నాయకుడు రిక్ హస్బెండ్. గట్టి విశ్వాసం వున్న క్రైస్తవుడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. పదహారు రోజుల ప్రయాణానికి బయలుదేరబోతూ, తను లేని ప్రతిరోజూ పిల్లలు చూసేందుకు, ఒక్కొక్కరికి విడివిడిగా, రోజుకొకటి చొప్పున వీడియోలు తీసిపెట్టాడు. ప్రతిదానిలోనూ బైబిలు చదివి, నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేశాడు. నౌక ఆకాశంలో వున్నన్నాళ్లూ పిల్లలు వాటిని చూశారు. తండ్రి మాత్రం తిరిగి రాలేదు.

ఆయన భార్య ఎవెలిన్ కొద్ది రోజులకే టెలివిజన్ ముందుకు వచ్చి తన విశ్వాసం గురించి మాట్లాడింది. ఏడవలేదని కాదు. భర్త కథను తరువాత పుస్తకంగా రాసింది. దుఃఖం తగ్గిందని ఆమె ఎక్కడా గొప్పలు చెప్పుకోలేదు. భర్త నమ్మినదానినే తనూ పట్టుకుని, పిల్లలను ఆ దారినే పెంచింది. కరువులో తట్ట మోసిన ఒంగోలు పల్లె తల్లికీ, అంతరిక్ష నాయకుడి భార్యకూ పోలిక ఎక్కడిదని మీరనవచ్చు. చదువు వేరు, సంపద వేరు, కాలం వేరు. అయినవారిని పోగొట్టుకున్న మరునాటి ఉదయం మాత్రం ఇద్దరికీ ఒకేలా తెల్లవారింది.

బావి, చేద

మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఈ విద్య పుస్తకాలలో నేర్చుకునేది కాదు. మనిషి పోయిన రాత్రి నుంచే మొదలవుతుంది. శవం ఇంట్లో వుండగానే సంఘంవారు వచ్చి చుట్టూ కూర్చుని పాటలు పాడతారు. ఇంటివారు పాడలేరని వారికి తెలుసు, అందుకే వారి బదులు తాము పాడతారు. తరువాత ఆదరణ కూటం పెడతారు. పాస్టరు గారు వాక్యం చెబుతారు, పోయినవారి మంచిని నలుగురూ తలచుకుంటారు, ఇంటివారి చేత కాస్త తినిపిస్తారు. ఏడాది తిరిగేసరికి జ్ఞాపకార్థ కూడిక. ఈస్టరుకు సమాధుల తోట. ఎవరూ దుఃఖపడేవారిని ఒంటరిగా వదలరు. ఇందులో మతం ఎంత వున్నదో, మనుషుల తోడు అంత వున్నది.

ఇందులో పొరపాట్లు కూడా లేకపోలేదు. దుఃఖంలో వున్న మనిషిని పట్టుకుని, విశ్వాసం వుంటే ఇట్లా ఏడుస్తారా అని మందలించేవారు అక్కడా వున్నారు. మన దగ్గర కర్మ అని తేల్చేసేవారున్నట్టే, అక్కడ దేవుని చిత్తమని రెండు ముక్కల్లో తేల్చేసేవారున్నారు. ఇంకొకరి మీద రుద్దిన సంతోషం సంతోషం కాదు. ఎవరిది వారు, తమ సమయం వచ్చినపుడు తెచ్చుకోవలసినదే.

ఆనాడు సమాధుల తోట నుంచి ఇంటికి వచ్చేసరికి బాగా తెల్లవారింది. పంతులమ్మ గారి పెరట్లో పాతకాలపు బావి ఒకటున్నది. ఆమె కాళ్లు కడుక్కోవడానికి చేద వేయబోతే నేను తాడు అందుకున్నాను. నేను ఆమె మాటల గురించే ఆలోచిస్తున్నానని గ్రహించారు కాబోలు, "బావిలో నీళ్లున్నయ్యని తెలిసినంత మాత్రాన దాహం తీరుద్దా నాయనా? చేదుకోవద్దూ?" అన్నారు. "కొన్ని రోజులు చేద బరువనిపిస్తది. ఆ రోజు పక్కింటివాళ్లు చేదిపోస్తారు. ఇంకోరోజు మనం వాళ్లకు చేదిపోస్తాం. అంతే."

లోపల స్టౌ మీద పాయసం పెట్టారు. కొడుక్కు ఇష్టమట. పది నెలల తరువాత ఆ ఇంట్లో పాయసం కాయడం అదే మొదటిసారని మా వదిన తరువాత చెప్పింది. గిన్నెలో పోసి నా ముందు పెట్టినపుడు ఆమె చేయి కొంచెం వణికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నవ్వుతూ, "తిను నాయనా, పండుగ గదా" అన్నారు.

నేను తిన్నాను. ఆ యేడు మా ఇంట్లో కూడా పండుగ మానేశాము. వచ్చే సంక్రాంతికి చేసుకోవాలని ఆ గిన్నె ముందు కూర్చునే అనుకున్నాను.